రంగు తెలియనివాడి డబ్బా

మే నెల రెండో శనివారం.
సరస్సు మీద మంచు విరిగి పదిరోజులే.
స్ప్రూస్ చెట్ల నీడన ఒడ్డుకి ఇంకా
అరిగిన సబ్బుబిళ్ళల్లా ముక్కలు.
పడవలో ఎరల డబ్బా మూత తీసి
అలాగే ఉండిపోయాను.

చలికాలమంతా కూర్చుని సర్దుకున్నాను కదా,
రబ్బరు చేపలన్నీ:
పచ్చలు పచ్చల్లో, గోధుమలు గోధుమల్లో,
బెత్తెడువి బెత్తెడువాటితో, జానెడువి జానెడువాటితో.
ఇప్పుడు పుచ్చకాయ పచ్చ పక్కన తుప్పురంగు,
నారింజ పొట్ట పెర్చ్ పక్కన బూడిద.
పిల్లి ఈనిన ఊలుబుట్టలా ఉంది.

"ఉర్హో, ఇది నీ పనేనా?"
"నాదే. తప్పు సర్దావు ఐలీ. దిద్దాను."

అరవై రెండేళ్ళ మా అన్నకి
ఎరుపుకీ పచ్చకీ తేడా తెలియదు.
పందొమ్మిదో ఏట రైలు కంపెనీవాళ్ళు
రెండు దీపాలు చూపించి
ఏది ఆగమంటోందో చెప్పమన్నారు.
"రెండూ ఆగమనే" అన్నాడట.
ఇంటికి పంపేశారు.
ఆ తర్వాత నలభై ఏళ్ళు ఇనుపగనిలో లారీ తోలాడు,
కొండలకి కొండలు ఎర్రమట్టి
పచ్చికబయలేమో అనుకుంటూ.

నేను బడిపిల్లలకి బొమ్మలు నేర్పినదాన్ని.
నలభై ఎనిమిది రంగుల పేర్లు
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
నాకు దిద్దుతాడా?

పంతం కొద్దీ అన్నిటికన్నా పెద్దది కట్టాను.
జానెడు చేప. నీలం వీపు, వెండి పక్కలు,
బతికున్నట్టే కళ్ళు,
దుకాణంలో లిండ్‌క్విస్ట్ కొడుకు అంటగట్టింది,
పద్దెనిమిది డాలర్లు.
విసిరాను. లాగాను. విసిరాను.
బాస్ ఒక్కటీ తిరిగి చూడలేదు.
పదకొండింటికి ఒక పైక్ వచ్చి
తీగతో సహా కొరుక్కుపోయింది.

ఉర్హో నవ్వలేదు. నవ్వినా బాగుండేది.
నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాడు,
పసిబిడ్డ స్నానానికి తొట్టి చూసినట్టు.
"ఇంకా చలే. చేప ఆకలి కూడా ముడుచుకునే ఉంది.
ఇప్పుడు పెళ్ళిభోజనానికి పిలిస్తే లేచి రాదు.
బెత్తెడు చాలు. పోయినేటి పెర్చ్ పిల్ల అంతే ఉంటుంది.
జానెడుది సెప్టెంబరుకి దాచుకోవాల్సింది,
అప్పటికి అన్నీ ఎదుగుతాయి, ఆకలితో సహా."

"మరి రంగు?"

మాట్లాడకుండా దారానికి రెండు ఎరలు కట్టాడు,
నా పచ్చా, నా తుప్పూ.
బురదనేల చెట్లన్నీ ఊరిన నీళ్ళు మావి,
చిక్కటి డికాక్షన్.
మెల్లగా దించాడు.
మూరెడు లోతులో పచ్చ పచ్చే, తుప్పు తుప్పే.
రెండు మూరల్లో అనుమానం.
బారెడు దిగేసరికి
రెండు నల్లటి వేళ్ళు,
ఏది ఏదో నేను చెప్పలేను.

"నాకు పైన కనిపించేది
నీకు అక్కడ కనిపిస్తుంది" అన్నాడు.

అప్పుడు చూశాను డబ్బాని మళ్ళీ.
ఒక గది మబ్బుకి, ఒకటి ఎండకి,
మూలది పొద్దువాలిన వేళకి.
పేర్లు లేవు. ముదురూ లేతా, అంతే.
పైన మబ్బు పట్టి ఉంది.
మబ్బు గదిలోంచి చేతికందింది తీశాను,
దాని పేరు నాకు తెలుసు, చెప్పలేదు.

రాయి పక్కన, మూడో విసురుకి,
దారం బరువెక్కింది.
కాదు, ఎవరో అటువైపు నుంచి
ఆలోచిస్తున్నట్టు అయింది.
తర్వాత బద్దంతా వంగింది.

చిన్ననోటి బాస్, రెండు కిలోలకి తక్కువుండదు.
గాలం ఊడదీస్తుంటే ఉర్హో దగ్గరకి జరిగాడు.
"దీని కన్ను ఎర్రగా ఉంటుందంటారు."
"ఉంది."
"ఎలాంటి ఎరుపు?"

నలభై ఎనిమిదీ వెతికాను.
చేప నా చేతుల్లో మొప్పలు తెరిచి మూస్తోంది,
వ్యవధి లేదు.
"ఆగమనే ఎరుపు" అన్నాను.

చాలాసేపు చూశాడు.
నీళ్ళలోకి దించి చెయ్యి వదిలాను.
అది ఆగలేదు.